రెఫరల్ చీటీ పుస్తకాల సంచిలోనే ఆగిపోతోంది: మూడు శాఖలకు ఒక బహిరంగ లేఖ

తెలంగాణ ప్రభుత్వ వైద్య ఆరోగ్య శాఖ, పాఠశాల విద్యాశాఖ, మహిళా శిశు సంక్షేమ శాఖ ఉన్నతాధికారులకు నమస్కారాలు.

మేము అంగన్‌వాడీల్లో, ప్రభుత్వ బడుల్లో, పిల్లలకు ఆరోగ్య పరీక్షలు చేసే ఆర్‌బీఎస్‌కే బృందాల్లో, దివ్యాంగ పిల్లలకు సాయపడే భవిత కేంద్రాల్లో పిల్లలతో పనిచేసేవాళ్లం. మూడు శాఖలకూ కలిపి ఒకే ఉత్తరం రాయడానికి కారణం ఉంది. మేము చెప్పబోయే లోపాలు దాదాపు అన్నీ ఒక శాఖ పని ముగిసి మరో శాఖ పని మొదలయ్యే చోటే పుడుతున్నాయి. విడివిడిగా అడిగితే ఎవరి వాటా వాళ్లు చేసినట్టే లెక్క తేలుతుంది. బిడ్డ మాత్రం మధ్యలో ఉండిపోతాడు.

రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం (ఆర్‌బీఎస్‌కే) 2013 ఫిబ్రవరిలో మొదలైంది. పుట్టిన రోజు నుంచి 18 ఏళ్లు నిండేదాకా పిల్లలను చూడాలి. పుట్టుకతో వచ్చిన లోపాలు, పోషక లోపాలు, జబ్బులు, ఎదుగుదలలో జాప్యం, ఈ నాలుగు రకాల కింద 30 సమస్యల జాబితా పెట్టారు. అంగన్‌వాడీకి ఏడాదికి రెండుసార్లు, బడికి ఒకసారి బృందం వెళ్లాలి. బృందంలో ఇద్దరు ఆయుష్ డాక్టర్లు, ఒక ఏఎన్ఎం, ఒక ఫార్మసిస్టు. సమస్య కనిపిస్తే పీహెచ్‌సీకో, ఏరియా ఆసుపత్రికో, జిల్లా సత్వర చికిత్స కేంద్రమైన డీఈఐసీకో పంపాలి. ఈ ఏర్పాటును మేము తప్పుపట్టడం లేదు. పిల్లవాడి దగ్గరికే డాక్టరు రావడం పేద ఇంటికి ఎంత పెద్ద సాయమో మాకు తెలుసు. మా బాధంతా బృందం జీపెక్కి వెళ్లిపోయిన తర్వాత జరిగే దాని గురించి.

బృందం వచ్చిన రోజు బడిలో ఏం జరుగుతుందో చూడండి. మూడో తరగతి పిల్ల గుండె మీద స్టెతస్కోపు పెట్టిన డాక్టరుకు తేడా శబ్దం వినిపించింది. పెద్దాసుపత్రికి వెళ్లమని రెఫరల్ చీటీ రాసి పిల్ల చేతికే ఇచ్చారు. ఆ పిల్ల దాన్ని నాలుగు మడతలు పెట్టి తెలుగు వాచకంలో దాచుకుంది. సాయంత్రానికి హెడ్మాస్టరు గారు సంతకం పెట్టిన కాగితంలో ఉన్నవి మూడు అంకెలే: బడిలో ఉన్నవారు, చూసినవారు, రెఫర్ చేసినవారు. పేర్లు బృందం ట్యాబ్‌లోనో రిజిస్టరులోనో వెళ్లిపోయాయి. క్లాసు టీచరుకు ఆ పిల్ల పేరు తెలియదు. ఊరి ఏఎన్ఎంకు తెలియదు. పత్తి ఏరడానికి పోయిన తల్లి తిరిగొచ్చేసరికి చీకటి పడింది, పిల్లకు చీటీ సంగతే గుర్తులేదు. మరుసటి ఏడాది మరో డాక్టరు వచ్చి అదే శబ్దం విని, మళ్లీ చీటీ రాస్తారు. నివేదికలో అది కొత్త కేసుగా ఎక్కుతుంది.

అందుకే మా మొదటి విన్నపం చాలా చిన్నది. బృందం బడి వదిలే ముందు, రెఫర్ చేసిన పిల్లల పేర్లతో ఒక కాగితం మూడు ప్రతులు రాయాలి. ఒకటి హెడ్మాస్టరుకు, ఒకటి సబ్‌సెంటర్ ఏఎన్ఎంకు, ఒకటి బృందానికి. అందులో పేరు, తరగతి, తండ్రి లేదా తల్లి ఫోన్ నంబరు, ఏ ఆసుపత్రికి ఏ వారం ఏ గదికి వెళ్లాలి, వెళ్లిన తేదీ, అక్కడ చెప్పింది ఏమిటి అన్న గడులు చాలు. ఏడు రోజుల్లో ఆశ కార్యకర్త ఇంటికి వెళ్లి తల్లిదండ్రులకు నోటితో చెప్పాలి. ముప్పయ్యో రోజున ఏఎన్ఎం బడికి వచ్చి, ఖాళీగా ఉన్న గడుల గురించి హెడ్మాస్టరుతో కూర్చుని మాట్లాడాలి. ఆ గడి నిండేదాకా ఆ పేరు వచ్చే నెల కాగితంలోకి కూడా రావాలి. చికిత్స పూర్తయితేనో, అవసరం లేదని డాక్టరు రాస్తేనో తప్ప పేరు కొట్టేయకూడదు.

‘అన్నీ ఆన్‌లైన్‌లో ఉన్నాయి కదా’ అన్న జవాబు మేము చాలాసార్లు విన్నాం. ఉన్నాయి, కానీ ఒకదానితో ఒకటి మాట్లాడవు. ఆసుపత్రిలో పుట్టిన బిడ్డకు పేరుండదు, తల్లి పేరు మీద ‘బేబీ ఆఫ్ లక్ష్మి’ అని రాస్తారు. అంగన్‌వాడీకి వచ్చేసరికి ముద్దుపేరు ఎక్కుతుంది. బడిలో చేర్చేటప్పుడు ఆధార్‌లో ఉన్న పేరు. ఒకచోట సాయికుమార్, మరోచోట సాయి కుమార్, ఇంకోచోట ఇంటిపేరు ముందు. పేరుతో వెతికితే ముగ్గురు పిల్లలు దొరుకుతారు, ఉన్నది ఒక్కడే. పుట్టినప్పుడు కాలు వంకర ఉందని రాసిన కాగితం, ఐదేళ్లకు అతను కుంటుతూ బడికి వచ్చిన రోజున ఎవరికీ దొరకదు. నెలల పసికందుగా ఉన్నప్పుడే వారం వారం ప్లాస్టర్ కట్లు వేస్తే సరయ్యే పాదం అది.

దీనికి కొత్త యాప్ అవసరం లేదు. బడుల వివరాలు నమోదు చేసే యూడైస్‌లో ప్రతి విద్యార్థికీ ఇచ్చే శాశ్వత నంబరు పెన్ ఉంది. ఆరోగ్య శాఖ ఇచ్చే 14 అంకెల ఆభా నంబరు ఉంది. తల్లీబిడ్డల నమోదు నంబరు ఉంది. ఒకటో తరగతి అడ్మిషన్ రిజిస్టరులో ఈ మూడూ ఒకే వరసలో రాయిస్తే చాలు, వెనకటి కాగితాలన్నీ బిడ్డను వెతుక్కుంటూ వస్తాయి. రాయడానికి సరైన సమయం జూన్‌లో బడిబాట. అప్పుడు టీచర్లు ఎలాగూ ఇల్లిల్లూ తిరుగుతారు, అంగన్‌వాడీ టీచరు పక్కనే ఉంటారు, తల్లి చేతిలో ఎంసీపీ కార్డు (తల్లీబిడ్డల రక్షణ కార్డు) ఉంటుంది. ఆ కార్డులో టీకాల పేజీ, బరువు గీత, బృందం రాసిన మాటలు ఉంటాయి. ఆ పేజీలు ఫోన్‌లో ఫొటో తీసుకుని బడి ఫైలులో పెట్టడానికి రెండు నిమిషాలు పడుతుంది. ఐదేళ్లు నిండబోయే పిల్లలను మార్చి, ఏప్రిల్‌లలో అంగన్‌వాడీలోనే ఒకసారి పూర్తిగా చూసి, ‘బడికి అప్పగింత’ అని ఒక కార్డు రాయిస్తే ఇంకా మేలు. 5-6 ఏళ్ల డీపీటీ బూస్టరు కూడా ఈ సందులోనే జారిపోతుంది. అంగన్‌వాడీ బడి వేయిస్తుందనుకుంటుంది, బడి అంగన్‌వాడీలో అయిపోయిందనుకుంటుంది.

ఇలాంటి సందు మరొకటి ఐదో తరగతి దగ్గర ఉంది. కొందరు గురుకులానికి పోతారు, కొందరు ఆరో తరగతికి హైస్కూలుకు పోతారు. టీసీ వెంట వెళ్తుంది, ఆరోగ్యం కాగితం వెళ్లదు. రుమాటిక్ జ్వరంతో గుండె కవాటం దెబ్బతిన్న పిల్లవాడికి మూడు వారాలకొకసారి బెంజథీన్ పెన్సిలిన్ ఇంజెక్షన్ ఏళ్ల తరబడి పడుతూ ఉండాలి. ఒకటి రెండు తప్పినా జ్వరం తిరగబెట్టి కవాటం ఇంకా పాడయ్యే ప్రమాదం ఉంది. ఊళ్లో ఉన్నప్పుడు పీహెచ్‌సీలో పడేది. గురుకులంలో చేరిన నెల నుంచి ఎవరు వేయాలి? అక్కడి నర్సుకు తెలియదు, పీహెచ్‌సీ వాళ్లు పిల్లవాడు రావడం లేదని ఊరుకుంటారు. తల్లిదండ్రులు సీటు వచ్చిందన్న సంతోషంలో ఉంటారు. టీసీ మీద ‘ఆరోగ్య కార్డు జతచేశాం’ అన్న ఒక్క గీత ఉంటే ఈ తప్పు జరగదు. పిల్లవాడు చేరిన వారంలోనే నర్సు ఆ కార్డు చూసి దగ్గర్లోని పీహెచ్‌సీతో తదుపరి తేదీ ఖరారు చేసుకుంటారు.

ఇక రక్తహీనత. బడీ దవాఖానా కలిసి పనిచేయకపోతే ఏం జరుగుతుందో ఇంతకంటే స్పష్టంగా చూపించే విషయం లేదు. బడిలో వారానికోసారి ఐరన్ మాత్ర ఇస్తారు. 5-9 ఏళ్ల వాళ్లకు గులాబీ రంగుది, అందులో 45 మిల్లీగ్రాముల ఐరన్, 400 మైక్రోగ్రాముల ఫోలిక్ యాసిడ్. 10-19 ఏళ్ల వాళ్లకు నీలం రంగుది, 60 మిల్లీగ్రాములు, 500 మైక్రోగ్రాములు. ఇది రక్తం తగ్గకుండా ఇచ్చే మోతాదు. రక్తం ఇప్పటికే తగ్గిన పిల్లకు ఇది చాలదు. 10 ఏళ్లు దాటిన పిల్లకు తేలికపాటి, మధ్యస్థ రక్తహీనత ఉంటే రోజుకు రెండు నీలం మాత్రలు మూడు నెలలు వాడాలి, నెలనెలా మళ్లీ పరీక్ష చేయాలి. బృందం ఆ చికిత్స రాసి వెళ్లినా బడికి తెలియకపోతే, ఆ పిల్లకూ అందరితో పాటు వారానికి ఒక మాత్రే అందుతుంది. ‘మాత్రలు వేసుకుంటూనే ఉంది, రక్తం పెరగడం లేదు’ అని తల్లి అంటే అందులో ఆమె తప్పేమీ లేదు.

పరీక్ష దగ్గరా లోపముంది. చాలాచోట్ల కనురెప్ప కిందకి లాగి పాలిపోయిందో లేదో చూసి రాసేస్తున్నారు. బాగా తగ్గితే తప్ప అలా కనిపించదు. డెసిలీటరు రక్తంలో హిమోగ్లోబిన్ 5-11 ఏళ్లకు 11.5 గ్రాములు, 12-14 ఏళ్లకు 12, ఆపైన ఆడపిల్లలకు 12, మగపిల్లలకు 13, ఇంతకంటే తక్కువుంటే రక్తహీనత. 11కీ 9కీ తేడా కన్ను పట్టలేదు. డిజిటల్ మీటరు ఉన్నచోట కూడా వాడే తీరు ముఖ్యం. వేలి చివర కాకుండా పక్కన పొడవాలి, మొదటి చుక్క దూదితో తుడిచేయాలి, రెండో చుక్క తీసుకోవాలి. రక్తం రావడం లేదని వేలు గట్టిగా పిసికితే ఒంట్లోని నీరు కలిసి అంకె తక్కువ చూపిస్తుంది. స్ట్రిప్పుల డబ్బా మూత తెరిచి వదిలేస్తే తేమకు పాడవుతాయి. 8 కంటే తక్కువ వస్తే ఆ పిల్లను మాత్రలతో బడిలో కూర్చోబెట్టకూడదు, ఆసుపత్రికి పంపాలి.

ఇంకా ముఖ్యమైనది ఒకటుంది. తలసీమియా అనే రక్తజబ్బు ఉండి రక్తం ఎక్కించుకునే పిల్లలకు ఈ నివారణ ఐరన్ మాత్ర ఇవ్వకూడదు, ఎక్కించిన రక్తం వల్లే వాళ్ల ఒంట్లో ఐరన్ పేరుకుపోయి ఉంటుంది. జ్వరం, విరేచనాలు ఉన్న రోజుల్లో ఎవరికీ ఇవ్వకూడదు. సికిల్ సెల్ కూడా వంశపారంపర్యంగా వచ్చే రక్తజబ్బే. 2023 జూలైలో మొదలైన సికిల్ సెల్ నిర్మూలన మిషన్ కింద ఆదిలాబాద్, ఆసిఫాబాద్, భద్రాద్రి వంటి గిరిజన ప్రాంతాల్లో పరీక్షలు చేసి కార్డులు ఇస్తున్నారు. ఆ కార్డు ఇంట్లో గోడకు తగిలించి ఉంటుంది, మాత్రలు పంచే టీచరు బడిలో ఉంటారు. సికిల్ సెల్ పిల్లకు ఒళ్లు నొప్పులు వస్తే ‘బడి ఎగ్గొట్టడానికి’ అనుకునే ప్రమాదం ఉంది. నీళ్లు ఎక్కువ తాగనివ్వాలనీ, చలిలో, ఎండలో ఎక్కువసేపు నిలబెట్టకూడదనీ, జ్వరం వస్తే అదే రోజు ఆసుపత్రికి పంపాలనీ టీచరుకు ఎవరు చెప్పాలి? ఫిబ్రవరి, ఆగస్టు 10న నులిపురుగుల మాత్ర ఇచ్చేటప్పుడు ముందుగా రెండు శాఖలూ కలిసి శిక్షణ పెడతారు కదా. అదే రోజు ఇంకో అరగంట ఈ పేర్ల జాబితా మీద కూర్చుంటే సరిపోతుంది.

మాత్రల గురించి ఇంకొక మాట. మధ్యాహ్న భోజనం తిన్నాకే ఇవ్వాలి, టీచరు ఎదుటే మింగించాలి, టీతో కలిపి ఇవ్వకూడదు, మలం నల్లగా వస్తుందని ముందే చెప్పాలి. పరగడుపున ఇచ్చి నలుగురికి వాంతులైతే, ఆ ఊళ్లో ఏడాదిపాటు ఎవరూ మాత్ర ముట్టరు.

కళ్ల సంగతికి వస్తే, కంటివెలుగు 2018లో, 2023లో ఊరూరా తిరిగి పెద్దలకు ఎంతో మేలు చేసింది. పిల్లల చూపు మాత్రం ఏటా మారుతుంది, కాబట్టి బడిలోనే ఏటా చూసే పద్ధతి ఉండాలి. బృందం టైము లెక్క వేయండి: 200 మంది ఉన్న బడికి ఇద్దరు డాక్టర్లు ఆరు గంటలు పనిచేస్తే ఒక్కో బిడ్డకు దక్కేది మూడున్నర నిమిషాలు. అందులో గుండె, పళ్లు, చర్మం, చెవి, ఎత్తు, బరువు, చూపు అన్నీ చూడాలి. చూపు పరీక్ష మొదటి జల్లెడ టీచర్లకే అప్పగిస్తే బృందం టైము మిగులుతుంది. 2020లో మొదలైన పాఠశాల ఆరోగ్య కార్యక్రమం ప్రకారం ప్రతి బడికీ ఇద్దరు టీచర్లు హెల్త్ అంబాసిడర్లుగా ఉండాలి. వాళ్లకు ఒక చార్టు, ఆరు మీటర్ల తాడు, ఒక అట్టముక్క ఇవ్వండి. బృందం వచ్చే వారం ముందు ఈ పని ముగించాలి.

ఈ పరీక్షలో ఎక్కడ తప్పు పోతుందో కూడా చెబుతాం. దూరాన్ని అడుగులతో కొలుస్తారు, నాలుగు మీటర్లే తేలుతుంది. చార్టును కిటికీకి ఆనించి పెడతారు, వెలుతురు పిల్లవాడి కళ్లలో కొడుతుంది, అక్షరాలు కనిపించవు. వరసలో ఉన్న పిల్లలు ముందువాళ్లు చదివింది విని బట్టీ పట్టి అప్పజెప్పేస్తారు. చేత్తో కన్ను మూసుకుని వేళ్ల సందులోంచి చూస్తారు. అందుకే అట్టముక్క. చిన్న తరగతులకు నాలుగు దిక్కులు తిరిగిన ఇంగ్లిష్ ‘E’ గుర్తుల చార్టు పెట్టి, కొమ్మలు ఎటు ఉన్నాయో చేత్తో చూపించమనాలి, మిగతావాళ్లను బయట నిలబెట్టాలి. రెండు కళ్లూ విడివిడిగా చూడాలి. రెండూ తెరిచి బాగా చదివే బిడ్డకు ఒక కన్ను దాదాపు పనిచేయకపోవచ్చు, ఆ సంగతి బిడ్డకే తెలియదు. అలాంటి బద్ధకపు కన్ను ఏడెనిమిదేళ్లలోపు దొరికితే బాగుపడే అవకాశం ఎక్కువ, ఆ తర్వాత కష్టం. మెల్లకన్ను అదృష్టమనే నమ్మకం ఇప్పటికీ మన ఇళ్లలో ఉంది. అంగన్‌వాడీలో మూడేళ్ల బిడ్డకు మెల్ల కనిపించినప్పుడే కంటి డాక్టరు దగ్గరికి పంపితే ఆ కన్ను దక్కుతుంది. చార్టులో 6/9 అని రాసి ఉన్న వరస చదవలేకపోయిన ప్రతి బిడ్డనూ అద్దాల కొలత చూసే ఆప్టోమెట్రిస్టు చూడాలి. అద్దాలు బడికే రావాలి, మూడు వారాల్లోపు రావాలి. ఇంటి చిరునామాకు పంపినవి, ఆరు నెలల తర్వాత వచ్చినవి పెట్టెలోనే ఉంటున్నాయి.

పళ్లు, గజ్జి, తామర వంటివి బడిలోనో పీహెచ్‌సీలోనో తేలిపోతాయి, గజ్జికి మాత్రం ఇంటిల్లిపాదికీ ఒకేసారి మందు ఇవ్వాలి. చెవిలో చీమును ఎవరూ పట్టించుకోరు. వినపడక వెనకబడిన పిల్లవాడిని మొద్దు అనేస్తారు. చీము కారే పిల్లల పేర్లు క్లాసు టీచరుకు తెలిస్తే కనీసం ముందు బెంచీలో కూర్చోబెడతారు.

దివ్యాంగ పిల్లల విషయంలో రెండు శాఖలు ఒకే పనిని ఒకరికొకరు తెలియకుండా చేస్తున్నాయి. సమగ్ర శిక్ష కింద మండలాల్లో భవిత కేంద్రాలున్నాయి, అక్కడ రిసోర్స్ పర్సన్లున్నారు, వారానికో రోజు ఫిజియోథెరపిస్టు వస్తారు. వైద్య శాఖకు జిల్లా కేంద్రంలో డీఈఐసీ ఉంది, అక్కడ స్పీచ్ థెరపిస్టు, సైకాలజిస్టు ఉండాలి. డీఈఐసీలో నమోదైన బిడ్డ పేరు భవిత కేంద్రానికి పోదు. తల్లి 60 కిలోమీటర్లు బస్సులో పోతుంటే, అందులో సగం వ్యాయామం ఐదు కిలోమీటర్ల దూరంలో జరిపించుకోవచ్చని ఆమెకు ఎవరూ చెప్పరు. నెలకోసారి రెండు చోట్ల వాళ్లూ కూర్చుని పేర్లు సరిచూసుకోవాలి. నెలకు ఒకసారి డీఈఐసీలో పరీక్ష, వారం వారం భవితలో సాధన, ఇంట్లో రోజూ చేయాల్సింది ఒక కాగితం మీద బొమ్మలతో. వైకల్య ధ్రువపత్రం ఇచ్చే శిబిరాల తేదీలు కూడా బడి ద్వారానే తెలియాలి.

ప్రయాణం మాట తప్పించలేం. మహాలక్ష్మి పథకంతో తల్లికీ, ఆడపిల్లకూ బస్సు ఉచితం. మగపిల్లవాడికీ, తండ్రికీ టికెట్టు, పైగా ఇద్దరి కూలీ పోతుంది. ఆదిలాబాద్ నుంచి హైదరాబాద్ దాదాపు 300 కిలోమీటర్లు. ఎవరూ తోడు లేకుండా పెద్దాసుపత్రి గేటు దగ్గర దిగిన తల్లి ఓపీ చీటీ ఎక్కడ తీసుకోవాలో తెలియక సాయంత్రం బస్సెక్కి తిరిగొస్తుంది. ఒక మండలం పిల్లలందరినీ ఒకే రోజు, ఒకే వాహనంలో, ఒక ఆర్‌బీఎస్‌కే ఉద్యోగి తోడుగా పంపితే, ఆసుపత్రికి ముందురోజే పేర్లు చేరితే ఈ తిరుగుళ్లు తప్పుతాయి. అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీల్లోని మహిళల్లో ఒకరు వెంట వెళ్లడానికి చాలాచోట్ల సిద్ధంగా ఉంటారు, ఆ రోజు కూలీ ఇప్పిస్తే చాలు. ఆపరేషన్ల తేదీలు దసరా, సంక్రాంతి, వేసవి సెలవులకు కుదిర్చితే చదువూ చెడదు. బృందాల కార్యక్రమం కూడా పరీక్షల వారాల్లో, పత్తి ఏరే రోజుల్లో పెట్టకూడదు, అప్పుడు సగం మంది బడికి రారు. రానివాళ్లకే జబ్బులు ఎక్కువ. అందుకని వాళ్ల కోసం బృందం రెండోసారి వచ్చే తేదీ ముందే రాసి ఉండాలి.

ఆర్‌బీఎస్‌కే ప్రభుత్వ, ఎయిడెడ్ బడుల కార్యక్రమం. నాలుగేళ్లకే అంగన్‌వాడీ మాన్పించి చిన్న ప్రైవేటు బడికి పంపిన కూలీ బిడ్డ ఆ రోజు నుంచి ఎవరి జాబితాలోనూ ఉండడు. తక్కువ ఫీజు బడులకు కనీసం ఒకటో తరగతిలో, ఆరో తరగతిలో బృందం వెళ్లేలా ఉత్తర్వు ఇవ్వమని కోరుతున్నాం.

గోప్యత గురించి భయపడేవాళ్ల మాటలో న్యాయముంది. మూర్ఛ, సికిల్ సెల్, నేర్చుకోవడంలో ఇబ్బంది, ఇవి స్టాఫ్ రూమ్ గోడ మీద అంటించే సంగతులు కావు. తల్లిదండ్రుల అనుమతి రాతపూర్వకంగా తీసుకోవాలి. టీచరుకు జబ్బు పేరు తెలియనక్కర్లేదు, చేయాల్సింది తెలిస్తే చాలు: ఐరన్ మాత్ర వద్దు, ముందు బెంచీ, ఫిట్స్ వస్తే పక్కకు తిప్పి పడుకోబెట్టాలి, నోట్లో చెంచా పెట్టకూడదు, ఐదు నిమిషాలు దాటితే 108. రోగం పేరున్న కాగితం హెడ్మాస్టరు బీరువాలో తాళం వేసి ఉండాలి.

ఉమ్మడి రాష్ట్రంలో 2010లో జవహర్ బాల ఆరోగ్య రక్ష అనే బడి పిల్లల ఆరోగ్య పథకం మొదలైనప్పుడు బడిలో ప్రతి పిల్లవాడికీ ఒక ఆరోగ్య పుస్తకం ఉండాలన్న ఆలోచన వచ్చింది. చాలా బళ్లలో ఆ పుస్తకాలు మొదటి పేజీలు నిండి ఆగిపోయాయి, ఎందుకంటే రాసే బాధ్యత ఎవరిదో, అడిగే బాధ్యత ఎవరిదో తేల్చలేదు. ఈసారి ఆ రెండూ ఉత్తర్వులోనే ఉండాలి. రాసేది బృందం ఏఎన్ఎం. అడిగేది ఎంఈవో (మండల విద్యాధికారి), పీహెచ్‌సీ మెడికల్ ఆఫీసరు కలిసి, నెలకోసారి, మండల కార్యాలయంలో, ఒక గంట. కలెక్టరు గారి సమీక్షలో ‘ఎంతమందిని చూశారు’ అన్న ప్రశ్న పక్కనే ‘పంపినవాళ్లలో ఎంతమంది చేరారు, ఎంతమందికి నయమైంది, మిగిలినవాళ్ల పేర్లేవి’ అని అడగాలి. పేర్లు అడిగిన నాడు అంకెలు వాటంతటవే నిజాలవుతాయి.

మూడు శాఖల సంతకాలతో ఒకే ఉమ్మడి ఉత్తర్వు జూన్ 12న బడులు తెరిచేలోపు రావాలన్నది మా కోరిక. జిల్లాకు ఒక మండలంలో ఈ ఏడాది మొదలుపెట్టినా సరే. కాగితం నమూనా, టీచర్ల శిక్షణకు కావలసిన పాఠం, తాడు కొలతతో సహా, రాసి ఇవ్వడానికి మేము సిద్ధంగా ఉన్నాం. పిలిస్తే ఏ రోజైనా వచ్చి కూర్చుంటాం.

ఇట్లు,
అంగన్‌వాడీ టీచర్లు, ఉపాధ్యాయులు, ఏఎన్ఎంలు, ఆర్‌బీఎస్‌కే సిబ్బంది, భవిత కేంద్రాల రిసోర్స్ పర్సన్లు కొందరం